కూల్చిన దేవిడీల గేట్లకు ఒక తోట కావాలి

న్యూయార్క్‌లోని సెంట్రల్ పార్కులో, ఫిఫ్త్ ఎవెన్యూ వైపు 105వ వీధి దగ్గర, కన్సర్వేటరీ గార్డెన్ అనే ఆరెకరాల పూలతోట ఉంది. దాని ప్రవేశద్వారం దగ్గర నిలబడిన ఎత్తైన ఇనుప గేటు ఆ తోట కోసం చేసినది కాదు. 1894లో పారిస్‌లో తయారైన ఆ గేటును అదే ఫిఫ్త్ ఎవెన్యూ మీద, చాలా దూరం దక్షిణాన 58వ వీధి దగ్గర ఉండిన రెండవ కొర్నీలియస్ వాండర్‌బిల్ట్ భవంతికి బిగించారు. రైల్వేల మీద గడించిన సొమ్ముతో కట్టిన ఆ భవంతి నలభై ఏళ్ళు దాటిన కొద్ది కాలానికే, 1920ల నడుమ నేలమట్టమైంది. ఆ స్థలంలో ఇప్పుడు ఒక పెద్ద వస్త్రాల దుకాణం ఉంది. గేటు మాత్రం మిగిలింది. 1939లో కొర్నీలియస్ కుమార్తె గెర్ట్రూడ్ వాండర్‌బిల్ట్ విట్నీ దానిని నగరానికి ఇచ్చారు. ఒకప్పుడు ఆహ్వానం అందిన కుటుంబాల గుర్రపు బండ్ల కోసం మాత్రమే తెరుచుకున్న ఆ రెక్కల మధ్య నుంచి నేడు ఎవరైనా ఉచితంగా నడిచి వెళ్ళవచ్చు.

ఈ సంగతి తెలిసిన నాటి నుంచి హైదరాబాదులో ఏ పాత దేవిడీ కూలుతున్నదని విన్నా, మొదట దాని గేటు ఏమవుతుందోనని నా మనసు అటే పోతున్నది. నిజాం కాలపు జాగీర్దార్లు, ఉన్నతోద్యోగులు, వర్తకులు కట్టుకున్న ఇళ్ళు ఈ నగరంలో ఎన్నో ఉండేవి. వారసుల పంపకాల వల్ల, రోడ్ల వెడల్పు వల్ల, అపార్ట్‌మెంట్ల గిరాకీ వల్ల అవి ఒకటొకటిగా తరిగిపోయాయి. కూల్చే వేళ టేకు దూలాలకు, చెక్కడపు తలుపులకు, బెల్జియం అద్దాలకు కొనేవారు దొరుకుతారు. ఎందుకంటే వాటిని కొత్త ఇళ్ళలోనో, హోటళ్ళలోనో పెట్టుకోవచ్చు. పన్నెండడుగుల ఎత్తున్న ఇనుప గేటు రెక్కను ఏ ఫ్లాటులో పెట్టుకుంటారు? అది తూకానికి పోతుంది. నా ఉద్దేశంలో అలాంటి గేటుకు తగిన చోటు ఒక్కటే ఉంది. అది ప్రజల తోట.

ఇంత పట్టుదల ఎందుకని అడిగేవారికి, అసలు ఆ ఇనుము ఎలాంటిదో చెప్పాలి. మా తాత కమ్మరి పని చేసేవారు. కొలిమి, తిత్తి, దాగలి, సమ్మెట, పట్టకారు ఉన్న పాకలో నా చిన్నతనపు సెలవులు గడిచాయి. అందువల్ల కొట్టి మలిచిన ఇనుమునూ, కరిగించి అచ్చులో పోసిన ఇనుమునూ నా చూపు వేరు చేస్తుంది. మన పాఠ్యపుస్తకాలు వీటిని చేత ఇనుము, పోత ఇనుము అని పిలుస్తాయి. పోత ఇనుములో కర్బనం రెండు నుంచి నాలుగు శాతం దాకా ఉంటుంది. అందువల్ల అది దాదాపు 1200 డిగ్రీల సెల్సియస్‌కే కరిగి, అచ్చులోని ప్రతి మూలకూ పారుతుంది. కాని చల్లారాక పెళుసుగా ఉండి, గట్టి దెబ్బ తగిలితే పగులుతుంది. చేత ఇనుములో కర్బనం 0.1 శాతానికి లోపే. అది కొలిమి వేడికి కరగదు, మెత్తబడుతుంది. ఆ మెత్తదనంలోనే సుత్తికి లొంగి సాగుతుంది, వంగుతుంది, మెలితిరుగుతుంది, ఇంకో ముక్కతో అతుక్కుంటుంది. పైగా తయారీలో పూర్తిగా వదలని చిట్టెం, అంటే ఇనుము నుంచి వేరుపడే మలినం, దానిలో సన్నని పోగులుగా పరుచుకుని ఉంటుంది. చేత ఇనుప చువ్వను గాటు పెట్టి విరిస్తే, లోపల చెరకు గడను విరిచినట్టు పీచు కనబడుతుంది.

ఈ లోహాన్ని పెద్ద మొత్తంలో చేయడానికి దారి వేసినవాడు ఇంగ్లండుకు చెందిన హెన్రీ కోర్ట్. 1784లో ఆయన పేటెంటు పొందిన పద్ధతిలో, కొలిమిలో కరిగిన దుక్క ఇనుమును, అంటే ఖనిజం నుంచి మొదట వచ్చే కర్బనం ఎక్కువున్న ముడి ఇనుమును, కార్మికుడు పొడవాటి కడ్డీతో కలియబెడుతూ కర్బనాన్ని మండిపోనిచ్చేవాడు. కర్బనం తగ్గేకొద్దీ ఇనుము చిక్కబడి ముద్దలు కట్టేది. ఆ ముద్దను బయటికి తీసి, సమ్మెట యంత్రం కింద కొట్టి, రోలర్ల మధ్య నడిపేవారు. 1889 నాటి ఈఫిల్ టవరు కూడా ఇలా కలియబెట్టిన ఇనుముతో కట్టిందే. 1856లో బెస్సెమర్ పద్ధతి వచ్చి ఉక్కు చవకయ్యాక ఈ చెమటోడ్చే విద్య క్రమంగా వెనకబడింది. చివరకు ఇంగ్లండులోని బోల్టన్ పట్టణంలో దీనిని వాణిజ్యపరంగా తయారు చేస్తూ మిగిలిన కర్మాగారం 1973లో మూతపడింది. ఆ తరువాత పాత గేట్ల మరమ్మతుకు కావలసిన చేత ఇనుము ఎక్కువగా పాత వంతెనల నుంచో, ఓడల గొలుసుల నుంచో తీసిన తుక్కును మళ్ళీ కాల్చి, సాగదీసి సంపాదించుకోవలసిందే. కాబట్టి మనం కరిగించడానికి పంపే ప్రతి పాత గేటుతో పాటు, మళ్ళీ తయారు చేయని లోహం కూడా పోతున్నది. చేసిన చేతుల సంగతి సరేసరి.

ఇనుము విద్య మన నేలకు కొత్తది కాదు. నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రంలో మూసల్లో వండిన ఉక్కు కోసం ఇరాన్ వర్తకులు అంత దూరం వచ్చేవారు. దానితోనే పశ్చిమాసియాలో అలల గీతలు తేలిన కత్తులు చేసేవారు. 1820లలో హెన్రీ వాయిసీ అనే భూగర్భశాస్త్రజ్ఞుడు ఆ ఊరి కొలుముల పని స్వయంగా చూసి రాసిపెట్టాడు. ఉత్తర తెలంగాణలో ఎన్నో ఊళ్ళ పొలిమేరల్లో చిట్టెపు కుప్పలు కనబడతాయి. ఇలాంటి చోట ఇనుప గేటును పరాయి దొరల షోకు అని కొట్టిపారేయడం సబబు కాదు. గేటు మీది ఆకుల, తీగల నమూనా ఐరోపా నుంచి వచ్చి ఉండవచ్చు. ఇనుమును ఎర్రగా కాల్చి కొట్టే చేతి ఒడుపు మాత్రం ఇక్కడ వేల ఏళ్ళ నాటిది.

పాత గేటు ముందు నిలబడినప్పుడు అది చేతదా, పోతదా అన్నది ఎవరైనా నేర్చుకుని చెప్పవచ్చు. ఒకే రకం ఆకులు పది ఉంటే, పదింటినీ వరుసగా చూడాలి. పది ఆకులూ ఈనెలతో సహా అచ్చంగా ఒకేలా ఉండి, అంచున రెండు అచ్చులు కలిసిన చోటి సన్నని గీత తగిలితే అది పోత. చుట్టల్లో ఒకటి కాస్త బిగువుగా, ఇంకొకటి కాస్త వదులుగా ఉండి, చివర్లు సుత్తి దెబ్బకు పలచబడుతూ సాగి ఉంటే అది చేత. రెండు చుట్టలు ఆనుకున్న చోట చిన్న ఇనుప పట్టీ చుట్టి ఉందేమో చూడాలి. ఆ పట్టీని ఎర్రగా కాల్చి చుడతారు. చల్లారేకొద్దీ అది కుదించుకుని రెండు చువ్వలనూ కదలకుండా పట్టేస్తుంది. మా తాత ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టా ఎక్కించి నీళ్ళు పోసేటప్పుడు జరిగేదీ ఇదే. అక్కడ వెల్డింగు లేదు, మేకు లేదు. చల్లారడమే బిగింపు. ఇక గేటు మీది పెద్ద ఆకులను పలచని రేకు నుంచి కత్తిరించి, వెనక నుంచి కొట్టి ఉబ్బిస్తారు. ముందు నుంచి చూస్తే ఆకు కనిపిస్తుంది, వెనక్కి వెళ్ళి చూస్తే ఒక్కొక్క దెబ్బా లెక్కపెట్టవచ్చు. ఈ పని చేసిన మనుషుల పేర్లు మనకు దాదాపు ఎక్కడా దక్కలేదు. ఆ దెబ్బలే వారి సంతకాలు.

పోత గేట్లను నేను తక్కువ చేయడం లేదు. లండన్‌లో ఆల్బర్ట్ స్మారకం దగ్గర ఉన్న కోల్‌బ్రూక్‌డేల్ గేట్లు 1851 మహా ప్రదర్శన కోసం పోత పోసినవి. ఆ అచ్చుల పనితనం చూసి ఆ నాటి జనం అబ్బురపడ్డారంటే అందులో వింతేమీ లేదు. గ్లాస్గో నగరంలోని వాల్టర్ మాక్‌ఫర్లేన్ పోత కర్మాగారం కేటలాగు చూసి ఆర్డరిచ్చిన స్తంభాలు, కటకటాలు, ఫౌంటెన్లు లోకమంతటా వెళ్ళాయి. మైసూరు ప్యాలెస్ కల్యాణమంటపపు స్తంభాలు కూడా అక్కడ పోసినవే. సంస్థానాల కాలపు గేట్లలో చాలావాటిలో ఈ రెండు పద్ధతులూ కలిసే ఉంటాయి. చువ్వలు, చుట్టలు చేతవి. బల్లెం మొనలు, పువ్వులు పోతవి. మరమ్మతుకు దిగేవారికి ఈ తేడా తెలియకపోతే ప్రమాదం. చేత చుట్ట వంగితే దానిని మళ్ళీ కాల్చి నిదానంగా సరిచేయవచ్చు. పోత పువ్వును అలా వంచబోతే చేతిలో విరిగిపోతుంది.

తోటకూ ఇనుప గేటుకూ ఉన్న పొత్తు మరీ లోతైనది. కోటకు చెక్క తలుపు తగును, ఎందుకంటే అది చూపునూ, అడుగునూ రెంటినీ ఆపాలి. ఇనుప గేటు అడుగును ఆపుతుంది, చూపును పోనిస్తుంది. హాంప్టన్ కోర్టు ప్యాలెస్ తోట చివర, థేమ్స్ నది వైపున, జాన్ టీజూ అనే ఫ్రెంచి కమ్మరి 17వ శతాబ్దం చివర్లో చేసిన పన్నెండు ఇనుప జాలీలు ఉన్నాయి. తోటలో ఉన్నవారికి ఆ తీగల నడుమ నుంచి నది కనబడాలన్నదే వాటి ఉద్దేశం. దీనికి పూర్తిగా ఎదురైనది మన నగరంలోనే ఉంది. కింగ్ కోఠిలో పర్దా గేటు అని పిలిచే ద్వారానికి పెద్ద తెర వేలాడేది. ఏడవ నిజాం లోపల ఉంటే తెర దించి, బయటికి వెళ్ళినప్పుడు ఎత్తి ఉంచేవారని పాతతరం వారు చెబుతారు. రాజు ఇంటికి తెర అవసరమే కావచ్చు. ప్రజల తోట దారిన పోయేవారికి కూడా కనబడాలి. లోపల ఏ చెట్టు పూసిందో బస్సు కోసం నిలబడిన మనిషికి కూడా తెలియాలి. ఈ మధ్య కొన్ని ఉద్యానాలకు లేజరుతో కోసిన నిండు రేకు గేట్లు పెడుతున్నారు. వాటి మీద నెమళ్ళు, తామరలు ఎంత అందంగా కోసినా, తోటను రోడ్డు నుంచి దాచేస్తున్నాయన్నది నా ఫిర్యాదు.

హైదరాబాదుకు ప్రజల తోట అనే ఆలోచన కొత్తది కాదు. నాంపల్లిలోని పబ్లిక్ గార్డెన్స్‌ను 19వ శతాబ్దంలోనే బాగే ఆం అన్న పేరుతో వేశారు. నెహ్రూ జంతు ప్రదర్శనశాల 1963లో తెరుచుకునే దాకా నగరపు జంతువులు అక్కడే ఉండేవి. ఇప్పటికీ రాష్ట్ర పురావస్తు మ్యూజియం, జూబ్లీ హాలు, షాహీ మసీదు, పక్కనే శాసనసభ భవనం ఉన్న ఆ ప్రాంగణంలో ఒక్క చుట్టు తిరిగితే నూరేళ్ళ నగర చరిత్ర దాటినట్టే. సొంత ఆస్తి ప్రజలకు చేరిన ఉదాహరణకూ మనం ఎక్కడికో వెళ్ళనక్కరలేదు. నిజాం వంశీకుల చిరాన్ ప్యాలెస్ చుట్టూ ఉన్న అడవే నేటి కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానం. మరి భూమి అలా చేతులు మారగలిగినప్పుడు, కూలిన ఇంటి గేటు ఎందుకు మారకూడదు?

చట్టం మీద మాత్రమే ఆధారపడితే ఈ పని సాగదు. 1995లో హుడా (హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ) నిబంధనల్లో 13వ నిబంధన చేరి, నగరంలోని వారసత్వ కట్టడాలకు ఒక జాబితా ఏర్పడింది. 2015లో ఆ నిబంధన తొలగిపోయింది. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. వీటన్నిటి గురి కట్టడం మీద. జాబితాలోకి ఎక్కని ఇల్లు కూలేటప్పుడు దాని గేటు గురించి అడిగే బాధ్యత ఎవరిదీ కాదు.

రాణీగంజ్‌లో ఒక పాత ఇనుము కొట్టు ముందు గోడకు ఆనించి ఉంచిన రెండు రెక్కల గేటును నేను చూశాను. లారీలో పట్టడం కోసం ఒక రెక్కను గ్యాస్ కట్టరుతో అడ్డంగా కోశారు. ఆ కోత సరిగ్గా నడిమి పువ్వు గుండా పోయింది. మిగిలిన రెక్కకు మాత్రం పట్టీలన్నీ చెక్కు చెదరలేదు. ఆకుల వెనక సుత్తి గుర్తులు రంగు పొరల కింద నుంచి కూడా వేలికి తగిలాయి. ఇది ఎక్కడిదని అడిగితే కొట్టులోని పెద్దాయన, “ఏదో పాత బంగళాదట సార్, మాకు లారీవాళ్ళు తెచ్చి వేశారు,” అన్నారు. ఇంత పనితనం ఉంది కదా, విడిగా ధర కట్టరా అని అడిగాను. “మేం తెచ్చింది తూకానికే, అమ్మేదీ తూకానికే. పువ్వుకు వేరే రేటు ఎవరిస్తారు సార్?” అన్నారు. ఆయన తప్పేమీ లేదు. ఆ పువ్వుకు ధర ఇవ్వవలసింది మనం, అంటే ఈ నగరం. ఆ గేటు ఏ వీధిలో నిలబడి ఉండేదో చెప్పగలిగే కాగితం ముక్క కూడా దాని వెంట రాలేదన్నదే నన్ను ఎక్కువగా బాధించింది.

కాబట్టి నేను అడిగేది చాలా పరిమితమైనది. కూల్చివేతకు అనుమతి ఇచ్చేటప్పుడు ఆ ఇంటికి పాత ఇనుప గేటు ఉందా అని దరఖాస్తులో ఒక గడి చేర్చాలి. ఉంటే, తుక్కు ధర చెల్లించి నగరపాలక సంస్థ దానిని తీసుకోవాలి. కోయకుండా, ఇరుసు నుంచి ఎత్తి, రెండు రెక్కలనూ నిలువుగా ఉంచి తరలించాలి. ఆ తరువాత దానికి తగిన వెడల్పున్న దారి ఏ పార్కులో ఉందో చూసి, రాతి స్తంభాలు కట్టి నిలపాలి. గేటుకు తగినట్టు దారి కుదరాలి. దారి కోసం గేటును కోయకూడదు. చెత్త లారీలకు, యంత్రాలకు వేరే దారి పెట్టుకోవచ్చు. పక్కన చిన్న పలక మీద అది ఏ ఇంటిదో, ఏ వీధిదో, ఎప్పుడు ఇక్కడికి వచ్చిందో తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో రాయాలి.

నిలిపిన తరువాతి సంరక్షణే అసలు పరీక్ష. తుప్పు, తాను తిన్న ఇనుము కంటే ఎన్నో రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. పట్టీకీ చువ్వకూ మధ్య నీరు చేరితే అక్కడ పుట్టిన తుప్పు పట్టీనే చీల్చేస్తుంది. ఇనుమును పాతిన రాతిని సైతం పగలగొడుతుంది. అందుకే వానాకాలానికి ముందు ఆ సందులను చూడడం, గేటు అడుగున ఆకులు, మట్టి పేరుకోకుండా ఊడ్వడం, ఇరుసులో గ్రీజు వేయడం అనే మూడు చవకైన పనులు ఖరీదైన మరమ్మతును చాలా కాలం వాయిదా వేస్తాయి. మన దగ్గర జరిగేది తరచు దీనికి భిన్నం. పండుగలకు, నాయకుల పుట్టినరోజులకు ఫ్లెక్సీలను బైండింగ్ వైరుతో ఈ చుట్టలకే బిగిస్తారు. వైరు గీసిన చోట రంగు లేచి తుప్పు మొదలవుతుంది. తరువాత దాని మీద రెడ్ ఆక్సైడ్, ఆపైన అల్యూమినియం పెయింటు వేస్తారు. ఇలా పదేసి పొరలు పడ్డాక ఆకు ఈనెలు పూడిపోయి, చేతపని కూడా పోతపనిలా కనబడుతుంది.

ఆ పొరలను తీయడానికి ఇసుక యంత్రం పెట్టి గట్టిగా కొట్టించడం మరో తప్పు. రంగుతో పాటు కొలిమిలో ఏర్పడి ఇనుమును కాచుకుంటున్న నల్లని పైపొర కూడా పోతుంది. సుత్తి గుర్తులు మొద్దుబారతాయి. ముందుగా ఎక్కడో మరుగైన చోట ఒక చిన్న భాగంలో పొరలను ఒక్కొక్కటిగా విప్పి చూస్తే, అట్టడుగున ఆ గేటు మొదటి రంగు దొరుకుతుంది. ఆకుల అంచున బంగారు రేకు జాడ కూడా దొరకవచ్చు. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ గనుక పొడిగా గీకకూడదు. గీకే కార్మికుడికి తగిన మాస్కు ఇవ్వాలి, పిల్లలను దగ్గరికి రానివ్వకూడదు. విరిగిన చోట గుబ్బలు గుబ్బలుగా వెల్డింగు పెట్టించే బదులు, కొలిమి పని తెలిసిన మనిషి చేత కొత్త పట్టీ చుట్టించాలి. ఆ పని తెలిసినవారు మన జిల్లాల్లో ఇంకా ఉన్నారు. ఉలులు, గడ్డపారలు చేసి బతుకుతున్న ఆ చేతులకు ఇలాంటి పని అప్పగిస్తే, గేటుతో పాటు విద్యకూ ఊపిరి పోసినట్టవుతుంది.

ఇల్లు లేని గేటు అర్థం లేనిదని, దానిని పార్కులో పెట్టడం కూల్చివేతను తేలిక చేస్తుందని వాస్తుశిల్పి అయిన ఒక మిత్రుడు నాతో వాదించారు. ఆయన మాటలో బలం ఉంది. ఇల్లు నిలబెట్టగలిగిన చోట ఇల్లే నిలవాలి, గేటు దాని ముందే ఉండాలి. అందులో నాకు రెండో ఆలోచన లేదు. కాని ఇల్లు పోయిన తరువాత వచ్చే ప్రశ్న వేరు. రెండవ ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ తన పార్కుల చుట్టూ ఉన్న ఇనుప కటకటాలను యుద్ధ అవసరాల పేరిట కోసి తీసుకుపోయింది. అక్కడి పిట్టగోడల మీద ఆ చువ్వల మొండేలు ఇప్పటికీ చాలాచోట్ల కనబడతాయి. ఆపదలో ఉన్న దేశం చేసిన పని అది. మనకు అలాంటి ఆపద ఏదీ లేదు.

మీ వీధిలోనో, బంధువుల ఇంట్లోనో ఇలాంటి గేటు ఉంటే, ఇప్పుడే కొన్ని వివరాలు దాచిపెట్టండి. మూసి ఉన్నప్పుడు ముందు నుంచీ, వెనక నుంచీ ఫొటోలు తీయండి. ఇరుసునూ, గొళ్ళేన్నీ, ఒక పట్టీనీ, ఒక ఆకు వెనక భాగాన్నీ దగ్గరగా తీయండి. ఎత్తు, వెడల్పు కొలవండి. చువ్వల మీద గాని, తాళం పెట్టె మీద గాని అక్షరాలు ఉబికి ఉంటే సుద్దముక్క రుద్ది చదివి రాసుకోండి. ఇంటి పేరు, వీధి పేరు, కట్టించినవారి గురించి పెద్దవారు చెప్పే మాట కూడా చేర్చి, ఫొటోలతో కలిపి నాకు పంపండి. వచ్చినవాటిని వీధుల వారీగా ఒక చోట చేర్చి, నగరపాలక సంస్థ ఉద్యాన విభాగానికి అర్జీతో జతచేసి ఇస్తాను.